వేలు దూరని సందు

"పైకి లేపెయ్యి మేస్త్రీ. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎంత ఎత్తుందో అంతకి తెచ్చెయ్యి" అన్నారు డ్రాయింగ్ మాస్టారు.

మేస్త్రి చేతిలో స్పానర్ అలాగే ఉండిపోయింది. మాస్టారి కారుని నేలకి అంత దగ్గరగా దించింది అతనే. స్ప్రింగుల కింది రింగులు బిగించి, వదులు చేసి, మళ్ళీ బిగించి, చక్రానికీ దానిపైన మడ్‌గార్డుకీ మధ్య వేలు కూడా దూరనంత కిందికి కూర్చోబెట్టాడు. కుర్రకారంతా షెడ్డుకొచ్చి "మాస్టారి బండిలా చెయ్యన్నా" అని అడగడం దాని పుణ్యమే.

"ఏమొచ్చింది మాస్టారూ? చూస్తే కళ్ళు తిప్పుకోలేని బండి. దాన్ని పాలవ్యాను చేసెయ్యమంటారా?"

"టైర్లు చూడు."

చూడక్కర్లేదు. బయటికి కొత్తవాటిలా మెరుస్తుంటాయి, లోపలి అంచు మాత్రం నున్నగా గుండు. బండి దిగితే చక్రాలు పైన లోపలికి వాలతాయి, బరువంతా ఆ అంచు మీదే పడుతుంది. ఈ సంగతి తను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినప్పుడల్లా "టైర్లు నావి, అరగనీవయ్యా" అని కొట్టిపారేసిన మనిషి ఈ మాస్టారే.

"పోనీ, ఒక్క వేలెడు లేపుతాను. వాలు కాస్త సరిచేస్తాను. అందమూ పోదు, టైర్లూ నిలుస్తాయి."

"వద్దు. మొత్తం లేపు. మాటిమాటికీ టైర్ల కోసం నీ చుట్టూ తిరిగే పని ఉండకూడదు."

ఆ మాటకి మేస్త్రి మనసు చివుక్కుమంది. తన చుట్టూ తిరగడం ఇప్పుడు బరువైపోయిందన్నమాట.

"అమ్మేస్తున్నారా?"

"అమ్మను."

పక్క సీట్లోంచి మాస్టారి భార్య తలుపు పట్టుకుని, బావిలోంచి పైకొస్తున్నట్టు లేచింది.

"మీ మాస్టారికి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది అన్నయ్యా! స్పీడ్ బ్రేకరొస్తే చాలు, బరువెక్కువైందని నన్ను దింపేసేవారు. కారు ముందు, నేను వెనక. చూసినవాళ్ళు అలిగి దిగిపోయాననుకునేవారు."

ఆవిడ పడీపడీ నవ్వింది. మేస్త్రికి నవ్వు రాలేదు. ముఖం మాడ్చుకుని జాకీ పెట్టాడు.

ఎప్పుడైనా అయితే మాస్టారు టార్చి పట్టుకుని పక్కనే గొంతుక్కూర్చుని, అది కాదు ఇది కాదని ప్రాణం తీసేవారు. ఇవాళ గోడ పక్కన కుర్చీ వేయించుకుని పట్టనట్టు కూర్చున్నారు. మేస్త్రి ఒక్కో రింగూ తిప్పుతుంటే కారు పైకి లేచింది. వేలు దూరని చోట ఇప్పుడు పిడికిలి దూరుతుంది. చేతులారా చేసిన పనిని చేతులారా చెడగొట్టుకుంటున్నందుకు మేస్త్రికి ఏడుపొచ్చినంత పనైంది.

"టైర్లు ఏవి వెయ్యమంటారు? ఎప్పటిలా పల్చటివేనా?"

"గట్టివి వెయ్యి. ఎక్కువ కాలం వచ్చేవి."

"ఇవి వేశానంటే ఏళ్ళ తరబడి నా మొహం చూడక్కర్లేదు" అన్నాడు మేస్త్రి ఉక్రోషంగా.

మాస్టారు అవునన్నట్టు తల ఊపారు.

ఇక చక్రాల వాలు చూడాలి. ఖాళీ బండికి వాలు సరిచెయ్యడం మేస్త్రికి గిట్టదు. రోజూ ఎవరెక్కుతారో వాళ్ళని ఎక్కించి, వాళ్ళ బరువుకి బండి దిగాకే కొలుస్తాడు.

"రండి మాస్టారూ, స్టీరింగ్ దగ్గర కూర్చోండి."

"నేను కాదు. తను కూర్చుంటుంది."

మేస్త్రి నోరు తెరిచాడు. ఆ స్టీరింగ్ మీద ఈగని కూడా వాలనివ్వని మనిషి. ట్రయల్‌కి తను తీసుకెళ్తానన్నా ఏనాడూ ఒప్పుకోలేదు.

"లైసెన్సొచ్చింది అన్నయ్యా!" అంది ఆవిడ సిగ్గుపడుతూ. "ఈ వయసులో నాకెందుకు మొర్రో అన్నా వినిపించుకోలేదు. రోజూ కూర్చోబెట్టి నేర్పారు. గేటుకి గీసేసినా ఒక్క మాటనలేదంటే నమ్ము."

ఆవిడ సీట్లో సర్దుకుంది, తలుపేసుకుంది. అద్దం వెనక నుంచి భర్తకేసి చూసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, పరీక్షలో ఫస్టొచ్చిన పిల్లలా నవ్వింది. అది చూసి మేస్త్రి అలక సగం కరిగిపోయింది. కారు ఎంత ఎత్తున పోతే ఏం, మొగుడూ పెళ్ళాం సుఖంగా తిరిగితే చాలదా అనిపించింది.

"అయితే మీరు పక్క సీట్లోకి రండి మాస్టారూ. ఎక్కడికెళ్ళినా ఇద్దరూ కలిసేగా వెళ్ళేది. ఇద్దరి బరువుకీ కలిపి సెట్ చేస్తాను."

మాస్టారు గోడ పట్టుకుని మెల్లిగా లేచారు. అద్దం వెనక నవ్వుతున్న భార్యకి చెయ్యి ఊపారు. మేస్త్రి దగ్గరగా వచ్చి, ఆవిడకి వినబడకుండా అన్నారు.

"ఆ సీటు ఖాళీగానే ఉంచి సెట్ చెయ్యి మేస్త్రీ. ఈ టైర్లు అరిగేదాకా నేనుండను."