పద్దెనిమిది పేజీల్లో లేని పేరు

"లేదే అమ్మా! నీ పేరు ఎక్కడా లేదు!" అంటూ రాజ్యం చేతిలో కాగితాల కట్టని కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీదికి విసిరికొట్టింది.

తాలుకాయలు ఏరుతున్న కోటిరత్నం తలెత్తింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. వేలిముద్ర వెయ్యాలని మేష్టారు చెప్పి వెళ్ళిన దగ్గర్నించీ కుడి బొటనవేలు శుభ్రంగా కడుక్కుని, దాన్ని దేనికీ తగలనివ్వకుండా ఎడంచేత్తోనే కాయలు ఏరుతోంది పిచ్చితల్లి.

"సరిగ్గా చూడవే. చిన్న అచ్చరాల్లో ఉందేమో."

"రెండుసార్లు చూశా. పద్దెనిమిది పేజీలు! నువ్వు పాడిన పాటలు పదకొండూ ఉన్నాయి. వాటి కింద స్వరాలు రాశాడు, తాళం రాశాడు. పాట మధ్యలో నువ్వు ఊపిరి పీల్చుకున్న చోటు కూడా గుర్తు పెట్టాడు. నీ పేరు రావాల్సిన ప్రతిచోటా మాత్రం ఏం రాశాడో తెలుసా? 'ఒక గాయని'. అంతే. మన ఊరి పేరు కూడా లేదు. 'గుంటూరు ప్రాంతంలో ఒక గ్రామం' అంట!"

మేష్టారంటే ఉదయ్ కుమార్, గుంటూరులో కాలేజీ లెక్చరరు. రెండేళ్ళపాటు మిరపచేలల్లో తిరిగి, కోతల్లో ఆడవాళ్ళు పాడే పాటలు రికార్డు చేసుకుని, వాటి మీద పెద్ద వ్యాసం తయారుచేశాడు. ఒక సంగీత పరిశోధన పత్రికకి పంపాడు కూడా. పాడినామె ఒప్పుకుంటున్నట్టు వేలిముద్ర వేసిన కాగితం రేపటికల్లా చేరితేనే వాళ్ళు దాన్ని పరిశీలనకి తీసుకుంటారట. అందుకే పొద్దున్నే వచ్చి, ఆ కాగితమూ పత్రికకి పంపిన వ్యాసమూ ఇచ్చి, "అమ్మకి చదివి వినిపించండి రాజ్యం గారూ, సాయంత్రం వచ్చి తీసుకుంటా" అని హడావిడిగా అద్దంకి బస్సెక్కాడు.

"అచ్చులో నీ పేరు వేయిస్తానని ఇదే కల్లంలో నిలబడి మాటిచ్చాడా లేదా?" అంది రాజ్యం.

"ఇచ్చాళ్ళే. ఆ బాబుకే ఫోన్ చేసి అడగరాదూ?"

"అడిగితే ఏముంది? తియ్యతియ్యగా నాలుగు కబుర్లు చెప్తాడు, నువ్వు కరిగిపోతావ్. మొన్న తిరనాళ్ళలో మైకు పట్టుకుని నీ పాట పాడినోడికి శాలువా కప్పారు. నువ్వేమో కింద కూచుని చప్పట్లు కొట్టొచ్చావ్. ఇంక చాలు!"

రాజ్యం చదివింది ఏడో తరగతే గానీ, పంతం పట్టిందంటే ప్లీడర్లు దిగదుడుపే. వేలిముద్ర వెయ్యనివ్వకపోతే సరిపోయేది కదా అంటారు మీరు. ఆవిడకి సరిపోలేదు. ఇక్కడ కాదంటే ఇంకో ఊళ్ళో ఇంకో ముసలమ్మని పట్టుకుంటాడు. వాడు జన్మలో మళ్ళీ పాటల జోలికి రాకూడదు. ఒప్పుకోలు కాగితం అడుగున 'అభ్యంతరాలుంటే ఈ నంబరుకి తెలియజేయండి' అని ఉంది. అమ్మ కూడా చెవులారా వినాలని స్పీకరు పెట్టి మరీ ఫోన్ చేసింది.

"పత్రికాఫీసేనాండీ? మీకో దొంగ వ్యాసం వచ్చింది. దాని మీద నలభై ఏడో నంబరని వేసుంది."

"మిరపకోత పాటల మీదదా? వచ్చిందమ్మా. నేను సంపాదకుణ్ణి. ఏమైంది?" పెద్దాయన గొంతు నెమ్మదిగా ఉంది.

"అందులో 'ఒక గాయని' అని రాశారే, ఆవిడ మా అమ్మ. మా అమ్మ ఒక్క పాటా పాడలేదు. అన్నీ ఇంట్లో కూచుని కల్పించినవి!"

కోటిరత్నం చేతిలో కాయ జారిపోయింది. "అదేంటే? నేను పాడలేదా?"

"నువ్వూరుకో. నీ కోసమే ఇదంతా," అని రాజ్యం ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి కసిరింది.

"రికార్డింగులు కూడా పంపారు కదమ్మా?" అన్నాడు సంపాదకుడు.

"ఎవరిచేతో పాడించుంటారు. మా అమ్మకి అసలు పాటలే రావండీ."

ముసలమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. రాజ్యం చూసింది, చూసి కూడా ఆగలేదు. ఉదయ్ కుమార్ తల దించుకుని కాలేజీ మెట్లు దిగిపోతున్నట్టే కనిపిస్తోంది ఆవిడకి. కడుపు చల్లబడుతోంది.

"పాడినావిడ తరఫువాళ్ళే కాదంటే ఇక మేం చేసేదేముంది? ఇవాళే తీసేస్తాను. కానీ ఒక్కమాటమ్మా. ఇలా దొంగపాటలు పంపినవాళ్ళ పేరు మిగతా పత్రికలన్నిటికీ రాసి పంపుతాం. ఆ మచ్చ ఇక పోదు. ఆలోచించుకునే చెప్తున్నారా?"

"పంపండి! ఊరూరా పంపండి! ఆ పేరు చదివిన ప్రతివాడూ థూ అనాలి. మా అమ్మ మీద ఒట్టు, నేను చెప్పింది నిజం!"

"సరే, రాసుకుంటున్నా. పేర్లు వేరే ఫైల్లో ఉంటాయి, ఉండండి. ఎవరు రాశారో, ఎవరు పాడారో పరిశీలించేవాళ్ళకి తెలియకూడదని, వ్యాసంలో పేర్లూ ఊళ్ళూ అన్నీ తీయించేస్తాం."

రాజ్యం మిరపకాయల మీద పడున్న కాగితాల కట్ట వైపు తిరిగింది. ఫోన్‌లో కీబోర్డు టకటకలాడింది.

"ఆఁ, దొరికిందమ్మా. ఉదయ్ కుమార్‌ది రెండో పేరు. ఈ దొంగ వ్యాసానికి మొదటి రచయిత్రి... ఎవరో కోటిరత్నం అట."