కుళ్ళనుకున్నాం

మనవడు తలుపు రెక్క పట్టుకుని లేవబోయాడు. మోకాళ్ళు తడిగుడ్డల్లా మడతపడ్డాయి. చతికిలబడి నా వంక చూశాడు.

"చూశావా అమ్మా, మళ్ళీ మొదలుపెట్టాడు" అంది మా అమ్మాయి, పళ్ళ మధ్య గుండుసూదులు పట్టుకునే.

అమ్మాయికి అప్పుడు ఐదో నెల. కుట్టుమిషను ముందు కూర్చుంటే పొట్ట బల్లకి తగలడం అప్పుడే మొదలైంది. కాస్త వెనక్కి జరిగి, చేతులు బారచాపి కుట్టేది.

వీణ్ణి ఇంట్లో అందరం మేస్త్రీ అనేవాళ్ళం. నడక వచ్చిన కొత్తలో చేతులు వెనక్కి కట్టుకుని గదులన్నీ తిరిగేవాడు. గోడలు తట్టి చూసేవాడు. పని నచ్చకపోతే "ఛీ" అని వెళ్ళిపోయేవాడు.

ఏ పిల్ల ఎప్పుడు బోర్లా పడిందో, ఎవరికి ఏ పన్ను ముందు వచ్చిందో నన్నడగాలి. నాకు చదువు లేదు గానీ ఇవన్నీ నోటికే. మా మేస్త్రీ అన్నీ వేళకే చేశాడు. బోర్లా పడ్డాడు, పాకాడు, కూర్చున్నాడు, గోడ వదిలి నడిచాడు. మాటలైతే వాళ్ళమ్మకన్నా ముందే వచ్చాయి.

అలాంటివాడు నడవడం మానేశాడు.

"కుళ్ళు పిన్నిగారూ" అంది పై వాటా ఆవిడ, గౌను కొలతలివ్వడానికి వచ్చి. "తల్లి కడుపుతో ఉంటే పెద్దపిల్లలకి తెలిసిపోతుంది. మా పెద్దాడైతే మళ్ళీ పాలసీసా పట్టాడు, మీసాలొచ్చేలోపైనా మానతాడో లేదో అనుకున్నాం."

నిజమే కదా అనిపించింది. మా అమ్మాయే, తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు గుమ్మంలో పడి దొర్లేది. ఏ ఇంట్లో చూసినా ఇదే భాగోతం.

అందుకని వాణ్ణి ఎత్తుకోవడం మానేశాం. ఎత్తుకుంటే అలవాటవుతుందని.

అల్లుడు బస్సు డ్యూటీ దిగి రాగానే గది అవతలి మూల కూర్చునేవాడు. చేతిలో వాడి కీచుబూట్లు ఆడించేవాడు.

"రారా మేస్త్రీ. నడిచొస్తే నీవి. లేదంటే ఇవి పుట్టబోయే చెల్లికిచ్చేస్తా."

వాడి కింది పెదవి వణికేది. లేచేవాడు. పడేవాడు.

"అబ్బో, ఏం నటనరా నాయనా. అంతా మీ అమ్మమ్మ పోలికే."

అందరం నవ్వేవాళ్ళం.

మమ్మల్ని చూసి వాడూ నవ్వేవాడు.

తర్వాత మాటలు పోయాయి. ముందు "బస్సు" పోయింది. ఆ వెనకే "నీళ్ళు". "ఛీ" ఎప్పుడు పోయిందో నేను కూడా చెప్పలేను. "అమ్మ" మాత్రం చాలా రోజులు నిలిచింది.

ఒక పొద్దున వాణ్ణి చాప మీద కూర్చోబెట్టి, గిన్నె తెద్దామని ఇటు తిరిగాను. వచ్చేసరికి పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. పడేటప్పుడు చెయ్యి ఆనించుకోలేదు. చెంప నేలకి ఆని ఉంది. ఏడవడం కూడా లేదు.

కుళ్ళుకి ఎవరూ అలా ఒరగరు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చిన్న సుత్తితో వాడి మోకాళ్ళు తట్టింది. కళ్ళలోకి లైటు వేసి చూసింది. రక్తం తీయించింది. మళ్ళీ రమ్మన్న రోజున కుర్చీ మా దగ్గరికి లాక్కుని కూర్చుంది. చెడ్డ కబురు చెప్పేవాళ్ళు అలాగే కూర్చుంటారు.

"నరాల జబ్బండీ. పుట్టుకతోనే ఉంది. ఇన్నాళ్ళకి బయటపడింది."

"మందు?" అన్నాడు అల్లుడు.

"నొప్పి తెలియకుండా చూస్తాం."

"నడక మళ్ళీ…"

"రాదండీ. మిగిలినవి కూడా ఒక్కొక్కటే పోతాయి."

అమ్మాయి పొట్ట మీద చెయ్యి వేసుకుని ఆవిడ వంకే చూసింది.

"లోపలి బిడ్డకి రావచ్చమ్మా. రాకపోవచ్చు" అంది డాక్టరమ్మ. "నెలలు నిండుతున్నాయి, ఇప్పుడు చేసేదేం లేదు. పుట్టాక పరీక్ష చేద్దాం."

ఆ తర్వాత మా ఇంట్లో వాణ్ణి ఎవరూ కింద దింపలేదు. ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి మారేవాడు. అల్లుడు డ్యూటీ బట్టలు కూడా విప్పకుండా భుజాన వేసుకుని వరండాలో తిరిగేవాడు. రోడ్డు మీద పోయే బస్సులన్నీ చూపించేవాడు. వాడు ఎటో చూసేవాడు.

ఓ సాయంత్రం వాడి తల తల్లి పొట్టకి ఆనించి పడుకోబెట్టాను. లోపలిది తన్నిన తన్నుకి వాడి తల కదిలింది.

"చూశారా అత్తయ్యా, ఎంత బలమో. దీనికేం కాదు" అన్నాడు అల్లుడు.

"వీడూ ఇలాగే తన్నాడు" అంది అమ్మాయి.

అల్లుడు లేచి వెళ్ళి వంటింట్లో కుళాయి కట్టేశాడు. అది కట్టేసే ఉంది.

తొమ్మిదో నెల ఒక మధ్యాహ్నం వాణ్ణి ఒళ్ళో వేసుకుని చెంచాతో పాలు పడుతున్నాను. మిషను చప్పుడు ఆగింది. కాసేపటికి మొదలైంది. మళ్ళీ ఆగింది.

తలెత్తి చూశాను. అమ్మాయి చక్రం మీద చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది. మెడంతా చెమట.

ఎన్ని కాన్పులు చూశాను. నాకొకరు చెప్పాలా.

"ఎప్పట్నించే?"

"పొద్దుట్నించి."

"చెప్పవేమే మరి? నీలాంటి మొండిఘటాన్ని ఎక్కడా చూళ్ళేదు. లే, మీ ఆయనకి ఫోన్ చేస్తాను. బండి పిలుస్తాను."

అది లేవలేదు. రెండు చేతులూ పొట్ట కిందికి పోనిచ్చి, జారిపోయేదాన్ని పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఇంకాసేపు లోపలే ఉండనీ అమ్మా."