గోడ చదివిన నోటీసు

ప్రభుత్వ నోటీసులు మా బస్తీవాళ్లకు అర్థమయ్యే మాటల్లో ఉండాలని మూడేళ్లు ధర్నా చేసింది నేనే. గెలిచాం కూడా. నోటీసులు రాసే యంత్రానికి మా మాటతీరు నేర్పడానికి నా కథల పుస్తకాలన్నీ నా చేతులతోనే ఇచ్చాను. ఆ కథల్లో సగం, నల్లా దగ్గర బాలమణి పెద్దమ్మ చెప్పిన ముచ్చట్లే.

ఇప్పుడు ఏ నోటీసు వచ్చినా ఆ యంత్రం ఇంటింటికీ తగ్గట్టు రాస్తుంది, ఎవరింటి గోడలోని స్పీకరు వాళ్లకు చదివి వినిపిస్తుంది. ఈ ఉదయం బస్తీ ఖాళీ చేయమని వచ్చింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి పెద్దమ్మ అప్పటికే నోటీసు మీద వేలిముద్ర వేసేసి గిన్నెలు మూట కడుతోంది.

"ఒప్పుకుంటున్నానని వేలిముద్ర ఎందుకేసినవ్ పెద్దమ్మా? కొట్లాడుదమనుకున్నం గదా!"

"ఎంత మంచిగ చెప్పిందో బిడ్డా! మీ పెదనాయన ఈ గోడలు కట్టిన ముచ్చట యాది చేసింది. గోడలు నానినయ్, నీ మోకాళ్లకు ఈ చెమ్మ పడదు, పైలం అన్నది. ఏడుపొచ్చింది నాకు."

"అది సర్కారు నోటీసు పెద్దమ్మా!"

ఆమె మూట ముడి వదిలేసి నా ముఖంలోకి చూసింది.

"అవునా? నువ్వే రాసినవనుకున్న. నీ మాట ఎన్నడన్న కాదన్ననా?"

నేను రాయలేదు, కానీ ఆ మాటలన్నీ నా పుస్తకాల్లోవే.