గింజ తీసిన చెర్రీలు

ఓవెన్‌లో క్లాఫుటీ పొంగడం లేదు.

మధులిక వంటింటి నేల మీద గొంతుక్కూర్చుని అద్దంలోంచి చూస్తోంది. పాలు, గుడ్లు, మైదా కలిపిన పలచటి పిండి. అందులో మునిగిన చెర్రీలు. ఫ్రెంచివాళ్ళు ఎండాకాలంలో ఇళ్ళల్లో చేసుకునే తీపి ఇది. ఈపాటికి అంచులు లేచి రంగు తిరగాలి. పోసింది పోసినట్టే ఉంది.

“మేడమ్ వచ్చే వేళయింది మధూ,” అన్నాడు బాలాజీ, కిటికీ తెర కొంచెం పక్కకి లాగి వీధిలోకి చూస్తూ.

మేడమ్ అన్నది ఆ మొగుడూ పెళ్ళాలు తమలో తాము పెట్టుకున్న పేరు. అసలు పేరు పలకాలంటేనే ఇద్దరికీ భయం. పలికితే ఎక్కడ చెడిపోతుందోనని.

ఇంగ్లండులోని బ్రాక్‌నెల్‌లో ఇద్దరివీ మంచి ఉద్యోగాలే. పెద్ద పెద్ద మీటింగుల్లో తడుముకోకుండా మాట్లాడతారు. మేడమ్ ముందు మాత్రం నోరు పెగలదు. ఇప్పటికి కొన్నిసార్లు కలిశారు, అదీ మేడమ్ ఉంటున్న ఇంట్లోనే. కలిసినప్పుడల్లా మేడమ్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. పోయినసారి బాలాజీ ధైర్యం చేసి ఒక జోకు వేశాడు. మేడమ్ లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు బాలాజీకి అన్నం సయించలేదు.

ఇవాళ మొదటిసారి వీళ్ళింటికి వస్తున్నారు. నచ్చితే పై గది మేడమ్‌ది. నచ్చకపోతే ఆ గది మళ్ళీ ఖాళీ. ఇంతకుముందు రీడింగ్ అనే ఊళ్ళో ఒక ఇంట్లో అలాగే అయింది. వాళ్ళు మంచివాళ్ళే. మేడమ్ మనసు కుదరలేదు, ఇలాంటి ఏర్పాట్లు చూసే స్థానిక కౌన్సిల్‌వాళ్ళు అక్కడితో ఆపేశారు. ఆ సంగతి విన్న దగ్గర్నుంచి మధులికకు కంటి మీద కునుకు లేదు.

పొద్దున తెనాలి నుంచి ఫోన్‌లో అత్తగారు శివపార్వతి కూడా తన వంతు భయపెట్టింది. ముక్కూ మొహం తెలియని మనిషిని ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా, కోరి కొరివితో తల గోక్కోవడం కాకపోతే, అంది. బాలాజీ ఫోన్ అందుకున్నాడు.

“ఆ వయసులో ఇన్నిసార్లు ఇల్లు మారడమంటే మాటలా అమ్మా? ఆవిడ భయం ముందు మనదెంత?”

అన్నాడే గాని, ఫోన్ పెట్టేసి పై గదిలో దుప్పటి మళ్ళీ ఒకసారి సర్ది వచ్చాడు.

మేడమ్ ప్రస్తుతం ఉంటున్న ఇల్లు సోలాంజ్ అనే ఫ్రెంచ్ ఆవిడది. మేడమ్ నోరు తెరిచి అడిగి మరీ తినేది క్లాఫుటీ ఒక్కటేనని ఆవిడే చెప్పింది. చెర్రీలు గింజలతోనే వేయాలట. ఆ కమ్మటి వాసన గింజలోంచే వస్తుందట. మధులికకు అక్కడ పట్టుకుంది గుబులు. మేడమ్‌కి ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి. ఇక గింజ గొంతుకి అడ్డం పడితే? మేడమ్‌కి అలవాటేనని సోలాంజ్ నవ్వింది. గింజ తీస్తే రసం కారి పిండి నీరవుతుందని కూడా హెచ్చరించింది.

అయినా తీశారు. బాలాజీ బయట కొన్న చైనీస్ భోజనంతో వచ్చిన పుల్ల ఒకటి పుచ్చుకుని, కాయకాయనీ పొడిచి గింజ బయటికి తోశాడు. చొక్కా అంతా ఎర్రటి మరకలు. ఫలితం ఇప్పుడు ఓవెన్‌లో నీళ్ళోడుతోంది.

“ఆ చొక్కా మార్చుకోండి. చూస్తే హడలిపోతారు,” అంది మధులిక.

బాలాజీ కదల్లేదు. ముక్కు ఎగబీల్చాడు.

“ఏలకుల వాసనేంటి?”

మధులిక నాలుక్కరుచుకుంది. వేసింది. పాలు కనబడగానే చెయ్యి దానంతటది డబ్బా మూత తీసి, పాయసానికి వేసినట్టు ఏలకుల పొడి వేసేసింది. కొత్త వాసనలు మేడమ్‌కి పడవని కౌన్సిల్ నుంచి వచ్చే రోజ్‌మేరీ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. అందుకే ఈ వారమంతా ఇంట్లో పోపన్నదే పెట్టలేదు. ఇంత చేసి, చివరికి తన చేత్తో తనే పాడు చేసుకుంది.

మళ్ళీ చేద్దామంటే చెర్రీలు లేవు. షాపుకి పరిగెత్తుదామంటే, బయట కారు ఆగింది.

ఆ కాసేపట్లోనే మాయదారి క్లాఫుటీ అంచులు లేచాయి. ఇంటినిండా ఏలకుల ఘుమఘుమ. కిటికీలన్నీ బార్లా తెరిచినా పోలేదు.

రోజ్‌మేరీ వెనక మేడమ్ లోపలికి వచ్చారు. ఎవర్నీ పలకరించలేదు. హాలు చూశారు. మెట్ల వైపు చూశారు. బల్ల దగ్గర కూర్చున్నారు. మధులిక వడ్డిస్తుంటే పైన చల్లిన పంచదార పొడి సగం బల్ల మీద రాలింది.

మేడమ్ ఒక చెంచా నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఆగింది. కళ్ళెత్తి మధులికను చూశారు.

అయిపోయింది, అనుకుంది మధులిక. పై గది, కొత్త దుప్పట్లు, ఏడాదికి పైగా కౌన్సిల్ చుట్టూ తిరిగిన తిరుగుడు, అన్నీ చిటికెడు ఏలకుల పొడిలో కలిసిపోయాయి. బాలాజీ గోడకి ఆనుకుని నిలబడ్డాడు, చొక్కా మార్చుకోవడం కూడా మరిచిపోయి. నచ్చకపోతే వదిలేయవచ్చని రోజ్‌మేరీ నెమ్మదిగా చెప్పింది.

మేడమ్ వినిపించుకోలేదు. తల వంచుకుని తిన్నారు. పళ్ళెం ఖాళీ అయింది.

అప్పుడు, నేలకందని కాళ్ళు ఊపుకుంటూ, “కెన్ ఐ హావ్ సమ్ మోర్, మమ్మీ?” అని మధులికకు పళ్ళెం చాపింది దత్తతకి వచ్చిన ఆ ఆరేళ్ళ పిల్ల.