మొహం తిప్పుకోవడం

నల్లోడి తోక కర్రలా నిలబడింది.

"సూస్తివా, తోక ఊపతా ఉండాది! ఇంకేం భయం, వదిలేయి మోహనా," అంది మునిరత్నమ్మ వదిన.

ఊగుతున్నది తోక కాదు, దాని కొస. వీపు మీద వెంట్రుకలు నిక్కపొడుచుకున్నాయి. చూపు మా కుక్క చిట్టి మీద నుంచి కదలడం లేదు.

తోక ఊపితే ప్రేమేనని ఎవరు చెప్పిపోయారో కానీ, మా పశువుల ఆస్పత్రిలో కుట్లు వేయించుకునే కుక్కల్లో సగం ఆ మాట నమ్మినవాళ్ళవే.

తిరుపతిలో ఆ ఆస్పత్రికి వచ్చే కుక్కల్ని కదలకుండా పట్టుకోవడం నా పని. చిట్టి కూడా కాలు విరిగి అక్కడికే వచ్చింది. తీసుకెళ్ళేవాళ్ళు లేక నేనే ఇంటికి తెచ్చుకున్నాను. రెండేళ్ళయింది.

కుక్కయినా పోవాలి, మీరైనా పోవాలి అన్నాడు ఇంటి ఓనరు. ఈ రోజే గడువు.

పొద్దుటి నుంచి జోయల్ నాలుగుసార్లు ఫోన్ చేశాడు. కుక్కలు ఒప్పుకున్నాయా, ఒప్పుకున్నాయా అని ఒకటే గోల. నా మొగుడికి మా అన్న ఉండే ఈ పాకాలకు వచ్చే ధైర్యం లేదు. అతన్ని చేసుకున్నందుకే కదా మా అన్న నాతో మాట్లాడటం మానేసింది.

దారి చూపింది వదినే. "నల్లోడు ఒప్పుకుంటే ఈడనే ఉంచుకుంటాం. మీ అన్నను నేను సూసుకుంటా లే," అంది ఫోన్లో.

నల్లోడు ఒప్పుకోకపోతే చిట్టికి రోడ్డే గతి.

నల్లోడి గొలుసు మా అన్న దొరస్వామి చేతిలో ఉంది. నేను వచ్చి పావుగంటయినా ఇటు చూడలేదు. గొలుసు మాత్రం చేతికి రెండు చుట్లు చుట్టి బిగించి పట్టుకున్నాడు. అది బిగిసేకొద్దీ నల్లోడి గొంతులో గుర్రు పెరుగుతోంది.

ఇంతలో వదిన పళ్ళెం నిండా సంగటి తెచ్చి రెండు కుక్కల మధ్య పెట్టబోయింది.

"వద్దు వదినా!" అని అరిచేశాను.

"ఒకే పళ్ళెంలో తింటే పొత్తు కుదురుతాది మే."

"తలలు పగలగొట్టుకుంటాయి. లోపల పెట్టేయి."

చిన్నప్పుడు అన్నా నేనూ ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళమే. ఆ పొత్తు ఎక్కడిదాకా వచ్చిందో చూస్తూనే ఉన్నాం.



"గొలుసు వదులు చెయ్యన్నా," అన్నాను.

మూడేళ్ళ తర్వాత అన్నతో నా మొదటి మాట అది.

ఆయన ఒక చుట్టు విప్పాడు.

"ఎదురెదురుగా నిలబెడితే కొట్లాడక ఏం చేస్తాయి? నడిపిద్దాం. నువ్వా పక్క, నేనీ పక్క," అన్నాను.

మామిడితోట వెంబడి మట్టిరోడ్డు. ఆయన ఆ అంచున, నేను ఈ అంచున, ఒకే వైపు నడిచాం. మధ్యలో వదిన, ముగ్గురి మాటలూ తనే మాట్లాడుతూ.

మలుపు దాకా పోయి వెనక్కి వచ్చాం. మళ్ళీ పోయాం. పోయిన ప్రతిసారీ ఒక్కో అడుగు దగ్గరకు జరిగాం. జోయల్ ఐదోసారి చేశాడు. ఎత్తలేదు.

మూడోసారికి నల్లోడి తోక దిగింది. వీపు మీద వెంట్రుకలూ సర్దుకున్నాయి. చుట్టు తిరిగి వచ్చి, చిట్టిని వెనక నుంచి వాసన చూశాడు.

చిట్టి మొహం పక్కకు తిప్పుకుంది.

"అయ్యో, మొగం తిప్పుకునిందే! దీనికెంత పొగరు! ఇంక కలిసినట్టే," అంది వదిన.

"అదే మంచిది వదినా. కుక్క మొగం తిప్పుకునేది కోపంతో కాదు. నీతో నాకు కొట్లాట వద్దు అని చెప్పేది అట్లనే."

ఆస్పత్రిలో రోజుకు పదిసార్లు చెప్పే మాటే. ఇక్కడ చెప్పాక మాత్రం నా చూపు అన్న మీదికి పోయింది.

నా పెళ్ళయిన ఆరు నెలలకు నాయన పోయాడు. ఆ రోజు నేను గడపలో అడుగు పెట్టగానే అన్న మొహం తిప్పుకున్నాడు. ఊరంతా చూసింది. నాయన కాళ్ళకు మొక్కి, అట్నుంచి అటే రైలెక్కేశాను. అన్నకు నా మొహం చూడటమే ఇష్టం లేదని తిరుపతిలో కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుని ఏడ్చాను.

చిట్టి ముందుకాళ్ళు నేలకు ఆనించి, నడుము పైకెత్తింది. ఆడుకుందాం రమ్మని పిలుపు. నల్లోడు ఒళ్ళంతా ఒకసారి విదిలించుకుని దాని పక్కకు గెంతాడు.

"ఉండనీ మే, ఈడనే ఉండనీ," అని వదిన పకపకా నవ్వింది.

నాకు ఏడుపొచ్చింది. చిట్టికి ఇల్లు దొరికింది.

అన్న మాత్రం తోట వైపు తిరిగి నిలబడ్డాడు. గొలుసు ఆయన చేతిలో వదులుగా ఉంది.

"అన్ని కుక్కలూ అంతేనా?" అన్నాడు అటే చూస్తూ.

"ఏంది?"

"మొగం తిప్పుకునేది."

"అన్నీ అంతే అన్నా."

ఆయన ఇటు తిరగలేదు.

సంచిలో ఫోన్ మళ్ళీ మోగుతోంది.

నేను ఆయనకు ఎదురుగా పోలేదు. కొంచెం చుట్టు తిరిగి, పక్కగా వెళ్ళి, ఆయన చూస్తున్న వైపే చూస్తూ నిలబడ్డాను.