మన మెయిల్ మన గదిలోనే

“మన మెయిల్ మన గదిలోనే ఉంటుంది. ఇక ఆ మాట ఎత్తకు,” అన్నాడు బావ, బల్లమీది కాగితాలని చూడకుండానే మరదలి వైపు తోసేస్తూ.

ఆమె వాటిని మళ్లీ ఆయన ముందుకి జరిపింది. పొద్దున్నించి ఇది మూడోసారి.

మేడమీద రెండు గదుల్లో నడిచే చిన్న ఇంటర్నెట్ కంపెనీ అది. యజమాని బావ. లైన్లూ, మిషన్లూ, కస్టమర్ల ఫోన్లూ చూసుకునేది ఆయన భార్య చెల్లెలు. చుట్టుపక్కల నాలుగొందల ఇళ్లకీ, ఒక స్కూలుకీ, రెండు క్లినిక్కులకీ కనెక్షన్‌తోపాటు కంపెనీ పేరుమీద మెయిల్ కూడా ఇస్తారు. అందుకోసం బావ ఒక్కొక్క భాగమే కొని తన చేత్తో బిగించిన సర్వర్ వెనక గదిలో ఉంది. దాన్ని పక్కన పెట్టి మెయిల్ పని బయటి కంపెనీకి అప్పగిద్దామని మరదలి పట్టు. అదీ ఇవాళే తేల్చాలట. పన్నెండింటికి ఆ కంపెనీ మనిషి వస్తున్నాడట.

గుండె ఆపరేషన్ తర్వాత మూడు నెలలు ఇంట్లోనే ఉండి, ఈ వారమే బావ ఆఫీసు మెట్లెక్కాడు. ఆవేశపడొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. అందుకే గొంతు పెంచకుండా, అంత తొందరేమిటని అడిగాడు.

ఆమె నిలబడే జవాబు చెప్పింది. రేపు తనకి రెండు రోజులు జ్వరం వస్తే సర్వర్‌ని చూసే దిక్కు లేదంది. బయటివాళ్లయితే ఎప్పుడూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారంది. కస్టమర్ల అడ్రసుల్లో అక్షరం కూడా మారదు, ఎవరికీ తెలియనే తెలియదంది. చెబుతూ చెబుతూ గోడ గడియారం వైపు చూసింది. పదకొండూ పది.

బావ ఒప్పుకోలేదు. క్లినిక్‌లో రిపోర్టు అందకపోతే ఇవాళ డాక్టరమ్మ నేరుగా మనకే ఫోన్ చేస్తుంది, రేపు ఎవరికి చేస్తుందని అడిగాడు. అవతలివాళ్లు ఒక నంబరిచ్చి వేచి ఉండమంటారు. నచ్చకపోతే రేటు పెంచుతారు, ఇంకా నచ్చకపోతే మూసేస్తారు. నమ్మి మన చేతిలో పెట్టిన ఉత్తరాలు ఊరూపేరూ తెలియనివాళ్ల ఇంట్లో పెట్టి రావడమేమిటన్నాడు.

ఈలోగా ఆమె ఫోన్ మోగింది. అక్క. మరదలు కిటికీ దగ్గరికి వెళ్లి, చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడింది.

“ఇంకా లేదక్కా. మెల్లగా చెప్తాను.”

“మాత్ర వేసుకున్నానని చెప్పు మీ అక్కకి,” అన్నాడు బావ.

ఆమె తలూపి ఫోన్ పెట్టేసింది. కూర్చుంది. మళ్లీ లేచింది. పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి మూత ఎక్కడో పోగొట్టింది. పనిమంతురాలు, మాటలో తొణకని మనిషి. ఇవాళ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే బావకి కూడా కుర్చీలో కుదురు లేకుండా పోయింది. ఈ పిల్లకి బయట ఏదైనా ఉద్యోగం దొరికిందా, పని తగ్గించుకుని వెళ్లిపోదామని చూస్తోందా అని లోపల ఒక పురుగు తొలవడం మొదలెట్టింది. అడిగితే అవునంటుందేమోనని అడగలేదు.

లేచి మెయిల్ కంప్లయింట్ల పుస్తకం తెచ్చి, ఆమె ముందు తెరిచాడు.

“చూడు. నేను ఆస్పత్రిలో చేరకముందు వారానికి నాలుగు. మెయిల్ రాలేదని ఒకడు, పంపింది స్పామ్‌లో పడిందని ఒకడు. ఆస్పత్రికి వెళ్లే ముందురోజు కూర్చుని సెట్టింగులన్నీ సరిచేశానా? అప్పట్నించి మెయిల్ గురించి ఒక్కటంటే ఒక్క కంప్లయింట్ లేదు. నేను మంచంలో ఉన్నా అది దాని పని చేసుకుపోయింది. ఇంత బాగా నడిచేదాన్ని ఎందుకమ్మా తీసేయడం?”

ఆమె పుస్తకం మూసి పక్కకి జరిపింది.

బావ వెనక గదిలోకి వెళ్లాడు. సర్వర్ ఫ్యాను సన్నగా తిరుగుతోంది. పచ్చ లైటు వెలుగుతోంది. దానిమీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చేసరికి ఆమె గుమ్మంలోనే ఉంది. ముఖం చిన్నబోయి ఉంది.

“బావగారూ, కూర్చోండి. మీకో మాట చెప్పాలి. కోప్పడకూడదు.”

ఉద్యోగం సంగతే అనుకున్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“అసలేమైందంటే…” అని ఆమె మొదలుపెట్టేసరికి మెట్లమీద అడుగుల చప్పుడైంది. చేతిలో హెల్మెట్టు, భుజానికి బ్యాగుతో ఒకాయన లోపలికి వచ్చాడు. తను ఫలానా మెయిల్ కంపెనీ నుంచి వచ్చానన్నాడు. పావుగంట ముందే వచ్చినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు.

మాటని అక్కడికి తప్పించినందుకు బావకి అతనిమీద కాస్త ప్రేమే పుట్టింది. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మొహమాటం లేకుండా చెప్పేశాడు. మీ కంపెనీ మంచిదే కావచ్చు, మాకు అవసరం లేదన్నాడు. మా మరదలు చిన్నది, కంగారుపడి పిలిచింది, మీకు శ్రమ ఇచ్చామన్నాడు. కంప్లయింట్ల పుస్తకం అతని వైపు తిప్పి, మూడు నెలల ఖాళీ పేజీలు ఒక్కొక్కటే చూపించాడు.

“ఇంతకంటే బాగా మీరు నడపగలరా? గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పండి.”

అతను పేజీల వైపు చూశాడు. మరదలి వైపు చూశాడు. ఆమె కళ్లు నేలమీద ఉన్నాయి.

“అమ్మడానికి రాలేదండీ,” అన్నాడు అతను అయోమయంగా. “మీ సర్వర్‌లో డిస్కు పాడైన రోజు నుంచీ మీ మెయిల్ మా దగ్గరే నడుస్తోంది కదా, మూడు నెలల ఫ్రీ ట్రయల్ ఇవాళ్టితో అయిపోతుంటే ఉంచమంటారో తీసేయమంటారో కనుక్కుందామని వచ్చాను.”