నిఖిత పేరు మీద

“ఇండ్లు దేవులాడుడు గూడ పరిశోధనేనా సిస్టర్?” అంటూ కరుణాకర్ ఫైలు మూసేశాడు.

నయమైన రోగుల ఇళ్లు వెతుకుతానని అందులో రాసింది నర్సు కావ్య. మానసిక రోగులకు సేవ చేసే నర్సులకు మాత్రమే ఇచ్చే పరిశోధన గ్రాంటు కోసం వచ్చింది. ఇంటర్వ్యూ చేసే కరుణాకర్ నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా రిటైరైన మనిషి. ఆయన పక్కన తెల్లచొక్కాలో కూర్చున్నది రాజలింగు. బొగ్గుబావిలో ఎన్నో ఏళ్లు పనిచేసి, నర్సుగా ఉంటూ పోయిన కూతురు నిఖిత పేరు మీద ఈ గ్రాంటు పెట్టింది ఆయనే. టేబుల్ మీద ఆ అమ్మాయి ఫోటో ఉంది. దానికి చెయ్యంత లావు బంతిపూల దండ. మంచిర్యాలలోని ఆ గదంతా అగరొత్తుల వాసన.

కావ్య పట్టు వదల్లేదు. తాను పనిచేసే ఆసుపత్రి ఆదిలాబాద్ దిక్కు ఉందని, అక్కడ ఎనిమిది మంది ఆడవాళ్లకు జబ్బు నయమై ఏళ్లు గడిచినా తీసుకుపోయేవాళ్లు లేక వార్డులోనే పడి ఉన్నారని చెప్పింది. తెచ్చి వదిలినవాళ్లు లేని పేరూ, లేని ఊరూ రాయించి పోయారు. ఒకామె అడ్రసు పట్టుకుని బాసర దాకా పోతే అది యాత్రికులు దిగే సత్రమని తేలింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట అని నవ్వే లోకమే గానీ, నిజంగా కుదిరాక ఆ మనిషి ఏ ఇంటికి పోవాలో చెప్పే సామెత మనకు ఒక్కటీ లేదు.

“ఒక అక్క ఉన్నది సార్. కాగితంల లక్ష్మి అని ఉంటది. గా పేరుతోని పిలిస్తె పలుకదు. పొద్దుగాల మేం ఆమె నాడి చూడకముందే ఆమెనే మా నాడి చూస్తది. యాడనో నర్సు చేసి ఉంటది. మంచిగై రెండేండ్లాయె. మీ ఇల్లు యాడ అంటె చెప్పదు. మా బాపు ఒస్తడు, గప్పుడు పోత అంటది. తండ్రి కోసం ఎదురుచూస్తనే ఉన్నది.”

రాజలింగు ముందున్న టీ మీద మీగడ కట్టింది. ఆయన మొదటిసారి నోరు విప్పాడు.

“ఇల్లు దొరికినంక వాళ్లే వద్దంటె?”

“గడపల కూసుంట సార్. ఎందుకు వద్దో చెప్పిందాక లేవ.”

ఆయన తల దించుకున్నాడు. కావ్యను బయట కూర్చోమన్నారు.

కాసేపటికి పిలిచి గ్రాంటు ఆమెకే అన్నారు. ఎగిరి గంతేసేదే, కానీ కరుణాకర్ మాట ఇంకా అయిపోలేదు. దాతగారు ఒకే ఒక్క షరతు పెట్టారట. ఇళ్లు వెతకొద్దు. ఆ ఆడవాళ్లను వార్డులోనే సుఖంగా ఎట్లా ఉంచాలో దాని మీద పరిశోధన చెయ్యాలి. ముందు అన్నం పెట్టి చేతులు వెనక్కి కట్టేసినట్టయింది కావ్యకు. కరుణాకర్ భోజనానికి లేచాడు. గదిలో ఆమే, రాజలింగే మిగిలారు. వద్దని చెప్పి వెళ్లిపోదామా అనుకుంటుండగా, ఫోటో దగ్గర రెండు పూలు పెట్టి పొమ్మని ఆయన అడిగాడు. చనిపోయిన నర్సు మీద కోపమెందుకని లేచింది. ఎట్లా పోయిందని మర్యాదకు అడిగింది.

“ఏడేండ్లాయె బిడ్డా. గోదావరిల పడ్డది. శవం దొరకలే, ఒడ్డు మీద చెప్పులే దొరికినయి. చెప్పులకే దినాలు చేసినం. ఊరంత ఒచ్చి తిన్నది.”

కావ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పూలు పెడుతుంటే చెయ్యి తగిలి దండ పక్కకు జారింది. సర్దబోయి ఆగిపోయింది. ఇంతసేపూ దండ చాటునున్న చేతులు బయటపడ్డాయి. ఫోటోలో నిఖిత ఒక ముసలవ్వ మణికట్టును మూడు వేళ్లతో పట్టుకుని నాడి చూస్తోంది. ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన పాత గాటు కూడా ఇప్పుడే కనపడింది.

బొద్దు బుగ్గలూ, ఇంత పొడుగు జడా చూసి పోల్చుకోలేకపోయింది. వార్డులో కిటికీ పక్క మంచం ఆ లక్ష్మిది. ఆ గాటును కావ్య రోజూ చూస్తుంది. ఈ పొద్దున బస్సుకు టైమైందన్నా వినకుండా ఆ మూడు వేళ్లతోనే తన నాడి చూసి, మంచిగనే ఉన్నది, ఫికర్ చెయ్యకుండ పోయిరా అని పంపింది.

  చచ్చిపోయిందని దినాలు చేసిన బిడ్డ బతికే ఉందని ఒక తండ్రికి ఏ నోటితో చెప్పాలి? ముసలి గుండె, తట్టుకుంటుందో లేదో. కావ్య నీళ్ల గ్లాసు దగ్గర పెట్టుకుని, ఆయన కుర్చీ పక్కన కింద కూర్చుని, మెల్లగా ఆయన మణికట్టు పట్టుకుంది. నాడి గబగబా కొట్టుకుంటోంది.

“బాపూ, జర నిమ్మలంగ ఇను. దినాలు చేసినమంటివి గని, నీ నిఖిత...”

రాజలింగు ఆ చెయ్యి విడిపించుకోలేదు. రెండో చెయ్యి చాచి, ఫోటోలోని చేతులు మళ్లీ కనపడకుండా దండను సర్దాడు.  ఫోటో దిక్కే చూస్తూ అన్నాడు.

“కిటికి పక్క మంచంల ఉండే ఆమెకు చలికాలం మడిమెలు పగులుతయి బిడ్డా. జర కొబ్బరినూనె రాయి.”